ప్రజా రవాణాలో ప్రయాణపు గిరాకీ, పాదచారి గమనం: రెండు నమూనాల నడుమ నడక

వ్యాససంగ్రహం: నగరంలో ఎంతమంది, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ సాధనంలో ప్రయాణిస్తారో అంచనా వేసేవి ప్రయాణపు గిరాకీ నమూనాలు. స్టేషన్లలో, వంతెనల మీద, మెట్ల మీద మనుషుల కదలికను లెక్కించేవి పాదచారి గమన నమూనాలు. ఈ రెండూ వేర్వేరు శాస్త్రాలుగా పెరిగాయి. ఇల్లు విడిచిన మనిషి బండి ఎక్కే వరకు సాగే నడక మొదటిదానిలో ఒక సంఖ్యగా కుదించుకుపోతుంది, రెండవదానిలో స్టేషన్ గడప దగ్గరే మొదలవుతుంది. అంచనాలు తప్పడానికి ఈ నడుమ ఖాళీ ఎలా కారణమవుతున్నదో హైదరాబాద్ ఉదాహరణతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రయాణపు గిరాకీ, నాలుగు దశల నమూనా, పాదచారి గమనం, జనసాంద్రత, హైదరాబాద్ మెట్రో, జీరో టికెట్

1. ప్రవేశిక

తరగతికి ఆలస్యంగా వచ్చిన విద్యార్థిని ఎలా వచ్చావని అడిగితే “బస్సుకొచ్చాను సార్” అంటాడు. ఇంటి నుంచి బస్టాపు దాకా పావుగంట నడిచిన సంగతి గాని, దిగిన తర్వాత కాలేజీ గేటు దాకా మళ్లీ నడిచిన సంగతి గాని ఆ వాక్యంలో ఉండవు. అది అతని దోషం కాదు, మన మాట తీరే అంత. చిత్రమేమంటే, నగర రవాణా ప్రణాళికలకు ఆధారమైన గణాంకాలు కూడా చాలాకాలంగా ఇదే మాట తీరును పాటిస్తున్నాయి. 2011 జనాభా లెక్కల్లో వ్యవసాయేతర పనులు చేసేవారిని పనిచోటికి ఎంత దూరం, ఏ సాధనంలో వెళ్తారని అడిగారు. దేశం మొత్తం మీద వారిలో ఐదో వంతుకు పైగా కాలినడకన వెళ్తున్నట్లు తేలింది. అయితే ఆ ప్రశ్నకు ఒక్కొక్కరి నుంచి ఒక్క సమాధానమే నమోదైంది. బస్సు అని చెప్పినవారు బస్సు గడిలోకి, రైలు అని చెప్పినవారు రైలు గడిలోకి వెళ్లారు. బస్సు కోసం, రైలు కోసం వారు నడిచిన నడక ఏ గడిలోకీ చేరలేదు.

బస్సయినా రైలయినా ఇంటి గుమ్మం ముందు ఆగదు. కనుక ప్రజా రవాణాలో జరిగే ప్రతి ప్రయాణానికీ మొదట, చివర, చాలాసార్లు మధ్యలో కూడా నడక ఉంటుంది. ఆ నడకను లెక్కలోకి తీసుకోవడంలో రెండు శాస్త్రాలు రెండు రకాలుగా వ్యవహరించాయి.

2. గిరాకీ, అవసరం

ముందుగా పదం గురించి కొంత చెప్పుకోవాలి. మన అర్థశాస్త్ర పాఠ్యపుస్తకాలు ‘డిమాండ్’ అనే మాటనే వాడుతున్నాయి. నేను ఇక్కడ ‘గిరాకీ’ని ఎంచుకోవడానికి కారణముంది. “ఇవాళ గిరాకీ లేదు” అని దుకాణదారు అన్నప్పుడు ఊళ్లో ఎవరికీ బియ్యం అక్కర్లేదని అతని ఉద్దేశం కాదు; కొనడానికి ఎవరూ రాలేదని మాత్రమే. గిరాకీకి, అవసరానికి నడుమ ఉన్న ఈ తేడా తెలుగు మాటలో స్పష్టంగా వినిపిస్తుంది. ప్రయాణపు గిరాకీ నమూనా కొలిచేది కూడా జరిగిన ప్రయాణాలనే. ఛార్జీకి డబ్బు లేక, దారి బాగాలేక, చీకటి పడ్డాక నడవడానికి భయపడి మానుకున్న ప్రయాణాలు దానికి కనిపించవు.

ఈ గిరాకీ స్వతంత్రమైనది కాదని కూడా గమనించాలి. ప్రయాణం కోసమే ప్రయాణించేవారు అరుదు. పని కోసం, చదువు కోసం, వైద్యం కోసం ప్రయాణిస్తారు. ఆ పనుల నుంచి పుట్టేది కాబట్టి దీనిని ఉత్పన్న గిరాకీ అంటారు.

మరొక చిక్కు ‘నమూనా’ అనే మాటతోనే ఉంది. సర్వేలో ఎంచుకున్న కొద్దిమందినీ నమూనా అంటాం, వాస్తవానికి గణితంలో కట్టిన ప్రతిరూపాన్నీ నమూనా అంటాం. ఈ వ్యాసంలో రెండో అర్థంలోనే వాడుతున్నాను.

3. నాలుగు దశలు

ప్రయాణపు గిరాకీ అంచనాకు నేటికీ ప్రధానాధారం నాలుగు దశల నమూనా. ఇది 1950లలో అమెరికాలో డెట్రాయిట్, షికాగో నగరాల అధ్యయనాల్లో రూపుదిద్దుకుంది. సొంత కార్లు వేగంగా పెరుగుతున్న ఆ రోజుల్లో ఎంత వెడల్పు రహదారులు ఎక్కడ వేయాలన్నదే అప్పటి ముఖ్య ప్రశ్న. నమూనా పుట్టుకలో ఉన్న ఈ ప్రశ్న దాని స్వభావాన్ని చివరిదాకా వదలలేదని నా అభిప్రాయం.

నగరాన్ని ముందుగా జోన్లుగా విభజిస్తారు. ఒక్కొక్క జోన్‌లోని జనాభా, కుటుంబాల ఆదాయం, వాహనాలు, ఉద్యోగాలు, పాఠశాలలు, దుకాణాలను బట్టి అక్కడి నుంచి ఎన్ని ప్రయాణాలు బయలుదేరతాయో, అక్కడికి ఎన్ని చేరతాయో లెక్కించడం మొదటి దశ. బయలుదేరిన ప్రయాణాలు ఏ జోన్ నుంచి ఏ జోన్‌కు వెళ్తాయో పంచడం రెండవ దశ. ఇందుకు వాడేది న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రాన్ని పోలిన సూత్రం: ఉద్యోగాలు ఎక్కువున్న జోన్ ఎక్కువమందిని ఆకర్షిస్తుంది, దూరం పెరిగేకొద్దీ ఆ ఆకర్షణ తగ్గుతుంది. మూడవ దశ సాధనాల ఎంపిక. బస్సా, రైలా, ద్విచక్ర వాహనమా, కారా అన్నది ఇక్కడ తేలుతుంది. ఆ ప్రయాణాలను వీధుల మీద, బస్సు మార్గాల మీద సర్దడం నాలుగవ దశ. ఎవరూ దారి మార్చుకుని మరింత లాభపడలేని స్థితికి వాహనాలు చేరుకుంటాయని 1952లో వార్డ్రాప్ ప్రతిపాదించిన సమతాస్థితి సూత్రం దీనికి పునాది.

మొదటి, రెండవ, నాలుగవ దశల గురించి ఇంతకంటే విస్తరించను. మన విషయానికి కీలకమైనది మూడవ దశ. నడక సంఖ్యగా మారేది అక్కడే.

ఒక ప్రయాణానికి మనిషి చెల్లించే మూల్యం టికెట్ డబ్బు మాత్రమే కాదు. నడిచిన నిమిషాలు, ఎదురుచూసిన నిమిషాలు, బండిలో గడిపిన నిమిషాలు కూడా మూల్యమే. ఈ నిమిషాలన్నీ సమానం కావు. బండిలో గడిపే నిమిషం కన్నా నడిచే నిమిషం, ఎదురుచూసే నిమిషం సుమారు రెండింతలు భారమని ఎంచడం ఈ శాస్త్రంలో చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక కాలనీ వాసికి మెట్రో స్టేషన్ 12 నిమిషాల నడక. రైలు కోసం 8 నిమిషాలు ఎదురుచూపు, రైలులో 20 నిమిషాలు. నడకను, ఎదురుచూపును రెట్టింపు చేస్తే మొత్తం భారం 60 నిమిషాలు. ద్విచక్ర వాహనం మీద 35 నిమిషాల్లో చేరవచ్చు. ఛార్జీని, పెట్రోలును పక్కన పెట్టి, భారానికి నిమిషానికి 0.05 చొప్పున గుణకం అనుకుని లాజిట్ సూత్రం ప్రకారం లెక్కిస్తే వెయ్యిమందిలో సుమారు 220 మంది మెట్రో ఎక్కుతారు. ఇప్పుడు నడక 12 నిమిషాలు కాక 18 నిమిషాలు అనుకుందాం. మిగిలినవేవీ మారలేదు. మెట్రో భారం 72 నిమిషాలవుతుంది, ఎక్కేవారు సుమారు 140కి పడిపోతారు. ఆరు నిమిషాల నడకతో మూడో వంతుకు పైగా ప్రయాణికులు తగ్గారు.

4. పటం మీద ఊహారేఖ

ఆ ఆరు నిమిషాలు ఎక్కడ పోతాయో తెలియాలంటే నమూనా నడకను ఎలా కొలుస్తుందో చూడాలి. జోన్‌లోని జనమంతా ఒక్క బిందువు దగ్గర నివసిస్తున్నట్లు భావిస్తారు. దానిని జోన్ కేంద్రబిందువు అంటారు. ఆ బిందువు నుంచి సమీప స్టేషన్‌కు లేదా బస్టాపుకు ఒక గీత గీస్తారు. దీనిని కేంద్రానుసంధాన రేఖ అనవచ్చు. ఆ గీత పొడవును సగటు నడక వేగంతో భాగిస్తే నడక సమయం వస్తుంది. గీతకు అడ్డంగా నాలా ఉండదు, ప్రహరీ గోడ ఉండదు, సిగ్నల్ లేని ఆరు వరుసల రోడ్డు ఉండదు. ఫుట్‌పాత్ మీద నిలిపిన బండ్లు గాని, తెరిచి ఉన్న మ్యాన్‌హోల్ గాని, మే నెల ఎండ గాని ఉండవు. వీధి దీపాలు వెలగని సందులో ఒంటరిగా నడవడానికి వెనకాడే స్త్రీకి ఆ దూరం మీటర్లలో ఎంతన్నది అసలు ప్రశ్నే కాదు. నమూనా వేసేది మాత్రం ఆ ఒక్క ప్రశ్నే.

జోన్లను చిన్నవిగా చేసి, వీధుల అసలు పటాన్నే వాడి ఈ లోపాన్ని ఇప్పుడు కొంత సవరిస్తున్నారు. పూర్తిగా పోయిందని చెప్పలేం. ఈ శాస్త్రంలో అత్యంత ప్రశంస పొందిన అంచనాకు కూడా ఇదే చోట కాలు జారింది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ‘బార్ట్’ రైలు మొదలు కాకముందు సేకరించిన సమాచారంతో డేనియల్ మెక్‌ఫాడెన్ బృందం సాధనాల ఎంపిక నమూనా కట్టింది. ప్రయాణాల్లో 15 శాతం బార్ట్‌కు వస్తాయని అధికారిక అంచనా. 6.3 శాతం వస్తాయని మెక్‌ఫాడెన్ నమూనా చెప్పింది. వాస్తవంగా వచ్చినవి 6.2 శాతం. 2000 సంవత్సరంలో జేమ్స్ హెక్‌మన్‌తో కలిసి ఆయన అందుకున్న నోబెల్ బహుమతికి ఈ ఎంపిక సిద్ధాంతమే ఆధారం. ఈ కథను పాఠ్యగ్రంథాలు తరచూ ఇక్కడే ముగిస్తాయి. మొత్తం శాతం అంత చక్కగా సరిపోయినా, లోపలి భాగాల్లో నమూనా తప్పింది. ప్రజా రవాణాకు నడిచి వచ్చేవారి సంఖ్యను అది వాస్తవం కన్నా ఎక్కువగా అంచనా వేసింది. మనుషులు అనుకున్నంత నడవలేదు.

5. మనిషి పట్టే చోటు

పాదచారి గమన శాస్త్రం ఇంకొక చివర నుంచి మొదలవుతుంది. దానికి మనిషి ఎక్కడి నుంచి వచ్చాడన్నది అక్కర్లేదు. ఎంత చోటు పడతాడు, ఎంత వేగంగా కదులుతాడు అన్నవే కావాలి. న్యూయార్క్ పరిసరాల రవాణా కేంద్రాలను పరిశీలించిన జాన్ ఫ్రూయిన్ 1971లో ప్రచురించిన గ్రంథం ఈ రంగంలో మొదటి మెట్టు. నిలబడిన మనిషిని పైనుంచి చూస్తే కనిపించే ఆకారాన్ని ఆయన సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల మందం ఉన్న అండాకారంగా తీసుకున్నాడు. ఒక్కొక్కరికి దొరికే చోటును బట్టి నడిచే స్థలాలను ఆరు శ్రేణులుగా విభజించాడు. మొదటి శ్రేణిలో మనిషి తన ఇష్టం వచ్చిన వేగంతో నడవగలడు. చివరి శ్రేణిలో ఒకరినొకరు తాకకుండా కదలలేరు.

దీనికి మూలసూత్రం సరళమైనది. ఒక మీటరు వెడల్పున సెకనుకు దాటే మనుషుల సంఖ్య, చదరపు మీటరుకు ఉన్న మనుషుల సంఖ్యను నడక వేగంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. మనుషులు పలుచగా ఉన్నప్పుడు సగటు వేగం సెకనుకు 1.3 మీటర్ల పరిసరాల్లో ఉంటుంది. గుంపు పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. కొంతవరకు గుంపు పెరగడం వల్ల దాటేవారి సంఖ్య పెరుగుతుంది, చదరపు మీటరుకు సుమారు ఇద్దరు అయ్యాక తగ్గడం మొదలవుతుంది. ఐదుగురు, ఆరుగురు దాటితే మనిషి తన కదలికను తాను నిర్ణయించుకోలేడు, గుంపు నెట్టినట్లు కదులుతాడు.

1995లో డిర్క్ హెల్బింగ్, పీటర్ మోల్నార్ ప్రతిపాదించిన ‘సామాజిక బల నమూనా’ దీనిని మరొక దారి పట్టించింది. ప్రతి మనిషినీ గమ్యం తన వైపు లాగుతుంది. ఎదురయ్యే మనుషులు, గోడలు దూరంగా నెడతాయి. ఈ లాగుడు, నెట్టుడుల ఫలితమే నడక. ఇంత తేలిక ఊహతోనే, ఎదురెదురుగా నడిచే గుంపులు తమంతట తామే వరుసలు కట్టుకోవడం కంప్యూటర్‌లో కనిపించింది. హెల్బింగ్ 2000లో మరో ఇద్దరితో కలిసి చేసిన పనిలో, ఇరుకు ద్వారం దగ్గర అందరూ తొందరపడితే బయటపడడం ఆలస్యమవుతుందని చూపాడు.

ఈ కొలతలు ఎవరి శరీరాలవి, ఎవరి అలవాట్లవి అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. ఉజ్జల్ చట్టరాజ్, ఆర్మిన్ సేఫ్రీడ్, పార్థ చక్రబర్తి 2009లో ప్రచురించిన పరిశోధన ఈ ప్రశ్ననే తీసుకుంది. వలయాకారపు దారిలో ఒకరి వెనుక ఒకరుగా మనుషులను నడిపించి, భారతదేశంలోను జర్మనీలోను వచ్చిన ఫలితాలను పోల్చారు. ఖాళీ దారిలో ఇరువురి వేగంలో పెద్ద తేడా లేదు. గుంపు పెరిగినప్పుడు మాత్రం భారతీయులు ముందువారికి మరింత దగ్గరగా నడిచారు, వారి వేగం అంతగా తగ్గలేదు. దీనిని మన సామర్థ్యంగా చెప్పుకునేవారు ఉన్నారు. నాకు అంత ధైర్యం లేదు. వారు నడిచింది చేతిలో ఏమీ లేకుండా, సమతలమైన దారి మీద. హైదరాబాద్‌లో రెండు మెట్రో మార్గాలు, దూరప్రాంతాల బస్సులు కలిసే ఎంజీబీఎస్‌లో దిగే మనిషికి నెత్తిన మూట, చంకలో బిడ్డ, చేతిలో సంచీ ఉంటాయి. ఫ్రూయిన్ అండాకారంలో ఆ మూటకు చోటు లేదు.

6. గంట లెక్క, సెకను లెక్క

రెండు శాస్త్రాలు కలవవలసిన చోటు స్టేషన్ మెట్లు. అక్కడ కాలమానమే అడ్డుపడుతుంది. గిరాకీ నమూనా రద్దీ గంటకు ఇంతమంది అని చెబుతుంది. పాదచారి లెక్కకు కావలసినది సెకనుకు ఎంతమంది అన్నది. గంటకు 6,000 మంది దిగుతారని మొదటి నమూనా చెప్పిందనుకుందాం. సగటు తీస్తే సెకనుకు ఇద్దరు కూడా కారు. మెట్ల మీద మీటరు వెడల్పుకు సెకనుకు ఒకరు దిగగలరని ఉదారంగా అనుకుంటే 2 మీటర్ల మెట్లు చాలునన్నమాట. కాని జనం సగటున దిగరు, రైలు వచ్చినప్పుడు దిగుతారు. మూడు నిమిషాలకొక రైలు చొప్పున ఒక్కొక్క దానిలో నుంచి 300 మంది ఒక్కసారి దిగితే ఆ మెట్లు ఖాళీ కావడానికి రెండున్నర నిమిషాలు పడుతుంది. తర్వాతి రైలు రావడానికి అరనిమిషమే మిగులుతుంది. ఒక రైలు ఆలస్యమై రెండు రైళ్ల జనం కలిసి దిగితే ఐదు నిమిషాలు కావాలి. ఈలోగా మూడో రైలు వస్తుంది. పైకి ఎక్కేవారిని ఈ లెక్కలో చేర్చనే లేదు. గంట లెక్కలో సరిపోయిన మెట్లు సెకను లెక్కలో సరిపోవు.

2017 సెప్టెంబర్ 29 ఉదయం ముంబయిలో ఎల్ఫిన్‌స్టన్ రోడ్, పరేల్ స్టేషన్లను కలిపే పాదచారి వంతెన మీద జరిగిన తొక్కిసలాటలో 23 మంది మరణించారు. వాన పడుతోంది. వంతెన మీదివారు దిగకుండా ఆగారు, రైళ్లు దిగినవారు ఎక్కుతూనే ఉన్నారు. ఆ పరిసరాల్లో మిల్లుల స్థానంలో కార్యాలయాల భవనాలు లేచి చాలా ఏళ్లయింది. ఉద్యోగాలు పెరిగితే ప్రయాణాలు పెరుగుతాయన్నది గిరాకీ నమూనా మొదటి దశలోనే ఉన్న సంగతి. ఆ పెరుగుదల వంతెన వెడల్పు దాకా మాత్రం చేరలేదు.

7. హైదరాబాద్ మెట్రో: అంచనా, వాస్తవం

హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్‌లో మియాపూర్–అమీర్‌పేట–నాగోల్ మధ్య మొదలైంది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గం తెరవడంతో మూడు మార్గాలు కలిపి సుమారు 69 కిలోమీటర్లయింది. నిర్మాణానికి ముందు వేసిన అంచనాలు రోజుకు 15 లక్షలకు పైగా ప్రయాణికులను ఊహించాయి. వాస్తవ సంఖ్య 5 లక్షల పరిసరాల్లో ఉంటూ వచ్చింది. ఈ తేడాకు నడకనొక్కదాన్నే కారణంగా చూపడం న్యాయం కాదు. పాతబస్తీ వైపు మార్గం అప్పట్లో పూర్తి కాలేదు, నిర్మాణం ఆలస్యమైంది, ఆపై కోవిడ్ వచ్చింది, చాలామందికి ఇంటి నుంచే పని అలవాటైంది, ద్విచక్ర వాహనాలు పెరిగాయి. అయినా స్టేషన్ నుంచి ఇంటి వరకు ఉన్న దారిని పరిశీలించకుండా ఆ తేడాను వివరించలేమని నా వాదం. పై ఉదాహరణలో చూసినట్లు ఆరు నిమిషాల నడకే మూడో వంతు ప్రయాణికులను తగ్గించగలిగితే, ప్రతి స్టేషన్ చుట్టూ ఉన్న ఊహారేఖలు ఒక్కొక్కటి ఎంత పొడవున తప్పాయన్నది చిన్న ప్రశ్న కాదు.

విధాన పత్రాలు ఈ సంగతిని గుర్తించకపోలేదు. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలను కాక మనుషులను కదిలించడం లక్ష్యమని చెప్పింది. ఫుట్‌పాత్ మీద నడిచేందుకు కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఖాళీగా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాలు పేర్కొన్నాయి. 2017 మెట్రో రైలు విధానం స్టేషన్ చుట్టూ ఐదు కిలోమీటర్ల పరిధిని దాని ప్రభావ ప్రాంతంగా తీసుకుని చివరి మైలు సౌకర్యాలు చూపాలన్నది. 2023లో ఉప్పల్ కూడలిలో తెరిచిన స్కైవాక్ కూడలికి వివిధ దిక్కుల్లో ఉన్న రోడ్లను, మెట్రో స్టేషన్‌ను కలిపింది. అది మంచి పనే. అయితే మెట్లెక్కి వంతెన దాటి మళ్లీ దిగడం కూడా నడకే. వాహనం నేల మీద నేరుగా వెళ్తుంటే మనిషి ఎక్కి దిగాలి. ఆ మెట్ల నిమిషాలు మోకాళ్ల నొప్పులున్నవారికి రెండింతల భారంతో ఆగవు.

8. జీరో టికెట్

2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం వచ్చింది. తెలంగాణలో పథకం మొదలైన కొద్ది రోజుల్లోనే బస్సులు కిక్కిరిశాయి. ఆ రద్దీ మీద వచ్చిన ఎగతాళి మాటలు ఇక్కడ అప్రస్తుతం. పరిశోధకుడు అడగవలసినది ఒక్కటే: వీళ్లంతా నిన్నటిదాకా ఎక్కడున్నారు? కొందరు నడిచి వెళ్లి ఉండాలి. కొందరు షేర్ ఆటోలో వెళ్లి ఉండాలి. కొందరు ఇంట్లోనే ఉండిపోయి ఉండాలి. చివరి ఇద్దరిలో మొదటివారికి ఏదో ఒక గణాంకంలో చోటు దక్కి ఉండవచ్చు, రెండవవారికి ఎక్కడా లేదు. ఛార్జీ సున్నా అయిన నాడు గిరాకీకి, అవసరానికి మధ్యనున్న దూరంలో కొంత భాగం కంటికి కనిపించింది.

ఉచిత ప్రయాణానికి కూడా కండక్టర్ మిషన్ నుంచి టికెట్ తీసి ఇస్తాడు. దానినే జీరో టికెట్ అంటున్నారు. దాని మీద ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ ఉంటాయి. కొన్ని వేలమందిని ఇంటింటికీ వెళ్లి అడిగి కట్టే నమూనాకు ఇంత విస్తారమైన సమాచారం ఇంతకుముందు దొరకలేదు. అయితే స్టేజీ ఆమె ఇల్లు కాదు. ఆమె ఆ స్టేజీ దాకా ఎంత దూరం, ఏ దారిన, ఏ వెలుతురులో నడిచి వచ్చిందో టికెట్ చెప్పదు. ఆ సమాచారం మనిషిని అడిగితేనే వస్తుంది, అడిగే తీరును బట్టి వస్తుంది.

ఇక్కడే భాషా పరిశోధకులకు పని ఉందని నా నమ్మకం. గృహ సర్వేల ప్రశ్నావళి సాధారణంగా ఇంగ్లిషులో తయారవుతుంది, ఇంటి ముందు నిలబడిన గణకుడు దానిని అప్పటికప్పుడు తెలుగు చేస్తాడు. “పనికి దేని మీద వెళ్తారు?” అని అడిగితే “బస్సుకు” అని జవాబు వస్తుంది, గడి నిండుతుంది. “ఇంట్లో నుంచి బయటపడ్డాక ముందు ఎటు నడుస్తారు? ఎంతసేపు? రోడ్డు ఎక్కడ దాటుతారు? వచ్చేటప్పుడు కూడా అదే దారేనా?” అని అడిగితే వచ్చే జవాబు వేరు. సాయంత్రం దారి మారుతుందని చెప్పే స్త్రీలు ఉంటారు. ఎందుకు మారుతుందో కూడా చెబుతారు. తెలుగులో బస్సూ నడుస్తుంది, మనిషీ నడుస్తాడు. ప్రశ్నావళిలో రెండో నడకకు విడిగా నాలుగు గడులు కేటాయించాలి, ఒక్కొక్క నడకకు ఒక్కొక్క వరుస చొప్పున.